ఏమీ కుట్టని కుట్టుమిషను

మా బావ గురించి రాయాలంటే ముందు నా గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆయన్ని ఆ గుడ్ల గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది నేనే మరి. నేను చదివింది ఊరి బడిలో, అదీ పంతులుగారు వచ్చిన రోజుల్లోనే. అయినా పశువుల పరిశోధన సంస్థలో యంత్రాల మేస్త్రిగా ఉద్యోగకాలమంతా పనిచేసి తలెత్తుకుని బయటికొచ్చాను. అక్కడి బాయిలరు, చల్లగదులు, గుడ్లు పొదిగే పెట్టెలు, ఒకటేమిటి, నా చెయ్యి పడకుండా తిరిగిన చక్రం లేదు. ఒకసారి కరెంటు పోయి జనరేటరు కూడా మొరాయిస్తే, వేడినీళ్ళ సీసాలు దుప్పట్లలో చుట్టి పెట్టెల్లో పేర్చి ఒక్క గుడ్డూ చల్లబడకుండా కాపాడింది ఎవరనుకున్నారు? సరే, అదంతా ఇప్పుడెందుకు. ఇది మా బావ కథ.

బావ అంటే మా అక్క మొగుడు. వృత్తి దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా గుమ్మం దాకా మెడలోనే ఉండేదని మా అక్క చెప్పేది. అందుకే అందరికీ ఆయన టేపు మాస్టారు. దుకాణం చిన్నది. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపుల బల్ల, కొలతలిచ్చేవాళ్ళు నిలబడడానికి ఒక చాపముక్క. కానీ ఆయన చేసిన కాజా చూడాలి. బొత్తాం పట్టే ఆ చిన్న చీలికను ఆయన కత్తిరిస్తే ఒక్క పోగు పైకి లేచేది కాదు. పెళ్ళి కోటుకు కాజాలు మాత్రం చేయించుకోవడానికి వేరే దర్జీలు కూడా గుడ్డ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసిందే. కుట్టిన బట్టలు కొట్లలో వేలాడుతుంటే కొలతలిచ్చి కుట్టించుకునే ఓపిక ఎవరికుంటుంది? బావ దుకాణానికి ప్యాంటు పొట్టి చేయించుకునేవాళ్ళు, జిప్పు ఊడినవాళ్ళు మాత్రమే మిగిలారు. ఆయన పైకి నవ్వుతూనే ఉండేవాడు గానీ, మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చుని కత్తెర తుడుచుకోవడం నేను చూశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సంస్థకు డాక్టరమ్మ వచ్చారు. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. ఆ సంగతి తెలియక మా అక్క ఒకసారి మోకాళ్ళ నొప్పులకు మాత్రలడిగితే, ఆవిడ కోడిపిల్ల కాలికి కండ ఎలా పడుతుందో అరగంట చెప్పి పంపించారు. "నొప్పి తగ్గలేదు గానీ పొద్దు బాగానే పోయింది" అంది అక్క.

డాక్టరమ్మ పనంతా గుడ్డులోనే. పొదుగుతున్న గుడ్డును పడుకోబెట్టి, పైన పెంకుకు చిన్న కిటికీ కొయ్యాలి. లోపల పిండం ఉంటుంది, కామా గుర్తంత. దాని చుట్టూ దారాల్లాంటి ఎర్రటి రక్తనాళాలు. పెంకు ముక్క ఒక్కటి లోపల పడ్డా, నాళం ఒక్కటి తెగినా గుడ్డు పోయినట్టే. కోశాక ఆవిడ చెయ్యాల్సింది చేసి, కిటికీకి టేపు అంటించి మళ్ళీ వెచ్చటి పెట్టెలో పెట్టాలి. అయితే కొయ్యడం దగ్గరే పని ఆగిపోయేది. అక్కడ చదువుకునే పిల్లలూ పెద్దలూ అందరూ ప్రయత్నించారు. బల్లంతా పచ్చసొనే. ఆ వాసనకు గది వైపు వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది.

"అమ్మా, నాకొక బావ ఉన్నాడు" అన్నాను ఒకరోజు. "గుడ్డ కోసే చెయ్యి గుడ్డు కొయ్యలేదంటారా?"

ఆవిడ నవ్వి, తీసుకురమ్మన్నారు.

బావ వచ్చాడు. మెడలో టేపు, జేబులో తన కాజా కత్తెర. ముందు గుడ్డును అరచేతిలో పెట్టుకుని, కొత్త గుడ్డ రకం చూసినట్టు అటూ ఇటూ చూశాడు. పెంకు మీద పారదర్శకమైన టేపు అంటించాక కొయ్యాలని డాక్టరమ్మ చూపించారు, ముక్కలు లోపల పడకుండా. "అస్తరు వేసి కొయ్యమంటారు, అంతేగా" అన్నాడు బావ. కత్తెర మొన లోపలికి దిగింది. గుండ్రంగా ఒక చుట్టు చుట్టింది. మూత ఊడి వచ్చింది. లోపల ఎర్రటి చుక్క ఒకటి టకటకా కొట్టుకుంటోంది. పిండం గుండె.

బావ కత్తెర కింద పెట్టేశాడు. "ఇది బతికే ఉందిరా" అన్నాడు నాతో.

"బతికుండాలనే కదా బావా నిన్ను పిలిచింది!"

అలా మా బావ దర్జీ దుకాణం తలుపులు మూసి గుడ్ల గదిలో ఉద్యోగస్థుడయ్యాడు. మిషను మాత్రం ఇంటికి తెచ్చుకుని కిటికీ పక్కన పెట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళలో ఆయన కోసిన కిటికీలు చూడడానికి వేరే సంస్థల నుంచి మనుషులు వచ్చారంటే నమ్మండి. వచ్చినవాళ్ళకి ఆయన గుడ్డు చూపించేవాడు, నేను పొదిగే పెట్టె చూపించేవాణ్ణి. ఒక కుటుంబం నుంచి ఇద్దరం.

ఆ గదిలో ఏం పరిశోధన జరుగుతోందో మాకూ తెలియాలని డాక్టరమ్మ ఒకరోజు టీ తాగుతూ చెప్పారు.

"మేస్త్రిగారూ, పిండంలో ఉన్న కణాలన్నిటి దగ్గరా సామాను ఒకటే. చర్మం కాబోయేదాని దగ్గరా, నరం కాబోయేదాని దగ్గరా, కండ కాబోయేదాని దగ్గరా అవే జన్యువులు. మరి ఏది ఏమవ్వాలో చెప్పేదెవరు? కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి వెళ్ళి జన్యువుల మీద వాలి, నువ్వు పని మొదలెట్టు, నువ్వు ఊరుకో అని చెబుతాయి. అంటే మీలాంటి మేస్త్రులన్నమాట. కండ పుట్టించే పెద్ద మేస్త్రి పేరు మయోడి."

ప్రోటీనుకు నా హోదా ఇచ్చినందుకు నేను కాలరు సర్దుకుంటుండగానే బావ అడ్డుపడ్డాడు.

"మేస్త్రి కాదమ్మా. మేస్త్రి పక్కన నిలబడి అరుస్తాడు, అంతే. మీరు చెబుతున్నది కటింగ్ మాస్టరు. గుడ్డ తాను ఒకటే. అందులోంచి చొక్కా తియ్యాలో, లాగూ తియ్యాలో సుద్దముక్కతో గీత గీసేది ఆయన."

"అరిచేవాడు లేకపోతే గోడ లేస్తుందా బావా?" అన్నాను.

"గీత గియ్యకపోతే నీ చొక్కాకి చెయ్యి ఎక్కడుంటుందిరా?"

"మీ ఇద్దరికీ గొడవ లేకుండా మయోడి అనే పిలుద్దాం" అన్నారు డాక్టరమ్మ నవ్వుతూ. "ఆయన వచ్చి ఊరుకోడు. ఇంకో ఇద్దరు ముగ్గురిని పిలుస్తాడు. వాళ్ళు కండ నారలు తయారు చేయించే పని చూస్తారు. 'ఇక చాలు, కండ ఆపండి' అని బయటి నుంచి కబురు పెట్టేవాడు వేరే ఉంటాడు. ఆ కబురు అందని పశువులు కొన్ని ఉన్నాయి. భుజాలూ తొడలూ ఉబ్బిపోయి ఉంటాయి. కనడానికి తల్లికి నరకం."

"ఇక చాలు అనేవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారమ్మా" అన్నాడు బావ. "వీడి అక్క."

ఆవిడ ప్రశ్న ఇదీ. నరం కాబోయే కణాల్లోకి ఈ మయోడిని పంపితే అవి తమ దారి మార్చుకుని కండ దారి పడతాయా? గాజు పాత్రల్లో పెంచిన కణాల్లో ఇలాంటివి జరుగుతాయని ఎప్పుడో తేలింది. బతికున్న పిండంలో ఎంతవరకు జరుగుతుంది, ఎంత త్వరగా జరుగుతుంది అన్నది ఆవిడకు కావాలి. అది తెలిస్తే, కాళ్ళలో పట్టు లేకుండా పుట్టే కోడిపిల్లలూ గొర్రెపిల్లలూ ఎందుకలా పుడతాయో వెతకడానికి ఒక కొస దొరుకుతుందట. అందుకని సగం గుడ్లలోకి మయోడి జన్యువు కలిపిన రంగునీళ్ళు, మిగతా సగంలోకి ఉత్త రంగునీళ్ళు. రెండిటికీ ఒకే రకం కిటికీ, ఒకే రకం టేపు. మయోడి మందు పడిన గుడ్డు మీద అడ్డగీత, పడనిదాని మీద సున్నా. పెట్టెలో ఒక మూల వేడి ఎక్కువ, ఒక మూల తక్కువ అన్న అనుమానం రాకుండా గుడ్లన్నిటినీ కలగలిపి సర్దేవారు. నా పెట్టెల్లో అలాంటి తేడా ఉండదని ఎంత చెప్పినా వినలేదు. పోనివ్వండి. చేతి తొడుగులకు రంగునీళ్ళు అంటి ఉంటాయని గుర్తులు పెట్టే పని కూడా ఆవిడ బావకే అప్పజెప్పారు. పెన్సిలుతోనే పెట్టాలి. ఆ గది నియమం అది.

మా బావ చెయ్యి వణుకుతోందని మొదట కనిపెట్టింది అక్క. సూదిలో దారం ఎక్కించమని ఆయన ఆవిడను అడిగాడట. "పెళ్ళయిన దగ్గర్నించీ నా చేత దారం ముట్టించని మనిషి" అంది నాతో. "కళ్ళజోడు మార్చుకోండి అన్నాను. కళ్ళు బాగానే ఉన్నాయి అన్నారు."

నేను అడిగితే బావ కోప్పడ్డాడు. "చలికి వణికింది. నీ చల్లగదులే కదరా కారణం!" చల్లగది ఆయన పనిచేసే గదికి ఆమడ దూరం. అయినా నేను రెట్టించలేదు. ఆయన భయం నాకు తెలుసు. ఒకసారి చేతిపని పోగొట్టుకున్నవాడు. ఈ బల్ల దగ్గర్నుంచి కూడా లేపేస్తే మళ్ళీ ఆ ఖాళీ మధ్యాహ్నాలే. జీతం మాట కాదు, అక్క కూడా సంపాదించేది. ఉదయం లేచి ఆ చెయ్యికి ఒక పని ఉండాలి, అదీ ఆయన గోల.

ఆ నెల డాక్టరమ్మకు ముఖ్యమైన నెల. మెరిసే రంగులను చూపించే పెద్ద సూక్ష్మదర్శిని ఒకటి వేరే సంస్థ నుంచి ఎరువు తెచ్చారు. నెలాఖరుకు తిరిగి పంపాలి. అప్పటికి చివరి విడత గుడ్లు కోసి, మందు పెట్టి, పెంచి, చూసెయ్యాలి. బావ ఆ విడత కోశాడు. రోజుకన్నా నెమ్మదిగా కోశాడు, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని. నేను చూశాను. కొన్ని గుడ్లు పోయాయి. "పెంకులు పలచగా ఉన్నాయి ఈసారి" అన్నాడు.

మర్నాడు పొద్దున పెట్టె అడుగున ఉన్న నీళ్ళ పళ్ళెం నింపడానికి వెళ్ళాను. పిండాలకు తేమ కావాలని ఆ పళ్ళెం ఎప్పుడూ నిండుగా ఉంచుతాం. చూద్దును కదా, నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. రాగి గొట్టం చిలుము పట్టి దిగుతోందనుకున్నాను. నా పెట్టెలో చిలుమా! గొట్టం విప్పాను. లోపల అద్దంలా ఉంది. అప్పుడు తల ఎత్తి పైన ట్రేలో గుడ్ల వైపు చూశాను. అడ్డగీతల్లేవు. సున్నాల్లేవు. కొన్నిటి మీద నీలం మరక, కొన్నిటి మీద అదీ లేదు. పెంకుల మీద చెమ్మ బొట్లు బొట్లుగా పట్టి కిందికి కారుతోంది.

ఆ నీలం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా చొక్కాల మీద ఎన్నిసార్లు చూశాను!

బావ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "బావా, జేబులో ఏముందో చూపించు" అన్నాను.

నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. జేబులోంచి తీసి అరచేతిలో పెట్టాడు. మూడు మూలల దర్జీ సుద్ద, నీలం రంగుది, అంచులు అరిగిపోయి ఉంది.

"పెన్సిలు పెడితే టకటకమని కొట్టుకుంటోందిరా చెయ్యి" అన్నాడు. "మొన పెంకులోకి దిగిపోతోంది. సుద్ద అయితే మెత్తగా ఉంటుంది కదా అని. గుడ్డ మీద ఎన్నేళ్ళు గీశాను! ఇస్త్రీ చేస్తే తప్ప పోదు. చెమ్మకి పోతుందని తట్టలేదు."

"ఏది ఏదో గుర్తుందా?"

"కలిపేశాం కదరా."

పక్కనే కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. అది బిగించాల్సిన పని నాదే, ఆ పూట లేవబుద్ధి కాలేదు. బావ సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"గుర్తులు మళ్ళీ నేనే వేసేస్తే ఎవరికి తెలుస్తుందిరా" అన్నాడు. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపాడు. "ఛ. ఒకరి కొలతలతో ఇంకొకరికి కోటు కుట్టి, అది సరిపోయిందని ఆవిడ చేత ఊరంతా చెప్పించనా?"

లేచి నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. తలుపు తెరిచే ఉంది. ఆయన సుద్దముక్కను ఆవిడ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. తల వంచుకుని చెప్పలేదు. కొలతలు చదివినట్టు వరసగా చెప్పాడు.

ఆవిడ సుద్దముక్కను చేతిలోకి తీసుకున్నారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"ఏది ఏదో తెలియనప్పుడు ఇక అందులో ఏం చూసినా చూసినట్టు కాదు మాస్టారూ. ఆ విడత తీసేద్దాం" అన్నారు. తర్వాత, "చెయ్యి చూపించండి" అన్నారు.

బావ చెయ్యి చాపాడు. బల్ల మీద కాగితం పెట్టి దానిపైన చెయ్యి ఉంచితే కాగితం చప్పుడు నాకు గుమ్మం దాకా వినిపించింది.

"మీ మయోడి సంగతి తేలితే ఇది బాగవుతుందామ్మా?" అని అడిగాడు బావ.

"అబద్ధం చెప్పను. ఇది కండ తప్పు కాకపోవచ్చు, నరాల సంగతి అయ్యుంటుంది. ఆసుపత్రి డాక్టరుకు చూపించుకోండి, తప్పకుండా. ఈలోగా..." ఆవిడ ఆగారు. "ఈలోగా మీరు కొయ్యొద్దు మాస్టారూ. ఇంకో విడత తెప్పిస్తాను. నేనే కోసుకుంటాను ఎలాగో."

"మంచిదమ్మా" అన్నాడు బావ. కత్తెర జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు.

ఆసుపత్రి డాక్టరు మాత్రలిచ్చి, ఇది వయసుతో వచ్చేదే, ప్రాణభయం లేదు, తగ్గుతుందని మాత్రం చెప్పలేనన్నాడు. తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం నేను అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీస్తూనే అక్క, "ఒరేయ్ తమ్ముడూ, లోపల ఉన్నది మీ బావో, గోడో తేల్చి చెప్పు. మాటలు పోయాయి మనిషికి" అంది.

బావ కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని బాబిన్‌కు దారం చుడుతున్నాడు. మీకు తెలిసే ఉంటుంది, బాబిన్ చుట్టేటప్పుడు పక్క చక్రం మర వదులు చేస్తారు. కాలితో తొక్కుతుంటే బెల్టు తిరుగుతుంది, బాబిన్ తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. చేతులకు పెద్ద పనుండదు. ఖాళీగా ఉండలేక బావ ఒళ్ళో పాత చొక్కా ఒకటి పెట్టుకుని, కాజా దగ్గర లేచిన పోగులను కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరిస్తున్నాడు.

నేను పలకరించబోయి ఆగిపోయాను. ఆయన చెయ్యి రాయిలా ఉంది. పోగు వెనక పోగు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"బావా, కాలు ఆపు" అన్నాను.

"ఏం?"

"ఆపవయ్యా."

ఆపాడు. మిషను ఆగింది. రెండు క్షణాల్లో కత్తెర మొన ఊగడం మొదలెట్టింది.

"తొక్కు."

తొక్కాడు. కత్తెర నిలిచింది.

"ఆపు. తొక్కు. ఆపు."

"ఇదేం సర్కస్సురా!" అంది అక్క గుమ్మంలోంచి. అప్పటికి బావకూ అర్థమైంది. తన చెయ్యి తనదే కాదన్నట్టు దాన్ని చూసుకుంటూ తొక్కుతూనే ఉన్నాడు. బాబిన్ నిండి దారం పక్కకి పొర్లిపోయినా ఆపలేదు.

"బుద్ధి తెలిసినప్పటి నుంచీ తొక్కుతున్నాను కదరా" అన్నాడు. "కాలు ఆడితే పని మొదలైందని చేతికి తెలుస్తుందేమో."

మిగతాది నా పని. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అలాంటిది అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు. సంస్థ గోదాములో పారేసిన కుట్టుమిషను ఒకటి ఉంది. పై భాగం తీసేసి, కింద ఇనప కాళ్ళూ పెడలూ చక్రమూ మాత్రం ఉంచాను. గుడ్ల బల్ల కింద అమర్చాలి, కానీ బల్లకు తగలకూడదు. తగిలితే తొక్కినప్పుడల్లా బల్ల అదిరి గుడ్లు పోతాయి. అందుకని నేలలోకి బోల్టులు దించి, కాళ్ళ కింద పాత టైరు రబ్బరు వేశాను. బల్ల మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి నేనే తొక్కి చూశాను. నీళ్ళలో చిన్న అల కూడా లేదు. పెళ్ళాం పిల్లల ముందు కూడా అంత గర్వపడలేదు నేను.

డాక్టరమ్మ వచ్చి కింద వంగి చూశారు. "ఇది ఏం కుడుతుంది మేస్త్రిగారూ?"

"ఏమీ కుట్టదమ్మా. తిరుగుతుంది."

"మరి ఎందుకు?"

"మా బావ చెయ్యి ఆగడానికి."

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. బావ కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. పొదగని ఉత్త గుడ్డు ఒకటి తీసుకుని టేపు అంటించి కత్తెర దించాడు. గుండ్రంగా చుట్టి వచ్చింది. పాత రోజుల్లో కోసినట్టే మూత ఊడింది. లోపలి పొర మీద గీత కూడా పడలేదు. ఇంకోటి కోశాడు. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒక ట్రే అయ్యేదాకా కళ్ళార్పకుండా చూశారు.

"ఎందుకిలా జరుగుతోందో నాకు తెలియదు" అన్నారు చివరికి. "అందరికీ ఇలాగే ఆగుతుందని కూడా అనుకోను. కానీ ఆగుతోంది." మళ్ళీ ముఖం చిట్లించి, "ఆ కిర్రుమనే చప్పుడు మాత్రం భరించలేను" అన్నారు.

నూనె డబ్బా నా చేతిలోనే ఉంది.

ఎరువు తెచ్చిన సూక్ష్మదర్శిని తిరిగి వెళ్ళడానికి కొద్ది రోజులే ఉండగా కొత్త విడత గుడ్లు వచ్చాయి. బావ కోశాడు. డాక్టరమ్మ మందు పెట్టారు, తొడుగులు విప్పి చేతులు కడుక్కుని పెన్సిలుతో గుర్తులు తనే పెట్టుకున్నారు. "సుద్ద పట్టుకోవడానికి కూడా నన్ను నమ్మరేమో ఇక" అన్నాడు బావ. "సుద్దను నమ్మను మాస్టారూ. మిమ్మల్ని నమ్ముతాను" అన్నారావిడ, తల ఎత్తకుండానే.

చూసే రోజు నన్నూ పిలిచారు. గదిలో దీపాలు ఆర్పి తెరలు దించారు. సున్నా గుర్తు ఉన్న గుడ్డులోని పిండం ముందు. వీపు పొడవునా రెండు పక్కలా ఆకుపచ్చటి చిన్న చిన్న దిమ్మలు మెరుస్తున్నాయి, మధ్యలో నరం గొట్టం చీకటిగా ఉంది. కండకు మాత్రమే అంటుకునే రంగు అది. తర్వాత అడ్డగీత ఉన్నది పెట్టారు. ఆ చీకటి గొట్టంలో ఒక పక్కన ఆకుపచ్చటి మరకలు. కొన్నే, చుక్కలు చుక్కలుగా. అయినా అక్కడ ఉండకూడనివి.

"నరం కావాల్సినవి" అన్నారు డాక్టరమ్మ మెల్లగా. "పూర్తిగా కండ అయిపోలేదు. కానీ ఆ దారి పట్టాయి." మిగతావన్నీ వరసగా చూశారు. అన్నిట్లోనూ ఒకేలా లేదు. కొన్నిట్లో అసలేమీ పట్టలేదు. సున్నా గుర్తు ఉన్నవాటిలో మాత్రం ఒక్కదానిలోనూ ఆ మరక కనిపించలేదు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ముఖంలో అలసట ఉంది, నవ్వూ ఉంది.

"చెప్పానా" అన్నాడు బావ నా చెవిలో. "కటింగ్ మాస్టరు."

"గొంతు తగ్గించు బావా, మేస్త్రి వింటాడు."

పెట్టెలో ఒక గుడ్డు మిగిలిపోయింది, మందు పెట్టనిది. డాక్టరమ్మ దాని టేపు తీసి బావను చూడమన్నారు. ఆయన వంగి కంటి గొట్టంలో చూశాడు. లోపల పిండం అప్పటికి కొంచెం పెద్దదైంది. చూస్తుండగా ఒకసారి ముడుచుకుంది, వదిలింది. మళ్ళీ చిన్నగా వణికింది.

"ఇదీ వణుకుతోందేమ్మా!"

"దాని కండలు ఇప్పుడే పని నేర్చుకుంటున్నాయి. మొదట్లో అన్నీ అలాగే, ఎవరూ చెప్పకుండా ఉలిక్కిపడుతుంటాయి. అలా కదలకపోతే కీళ్ళు సరిగా తయారుకావు."

బావ ఇంకా కాసేపు చూశాడు. బల్ల అంచు పట్టుకున్న ఆయన చెయ్యి కూడా అదే తీరుగా ఆడుతోంది. ఆ రోజు మాత్రం దాన్ని జేబులో దాచుకోలేదు.

ఆ తర్వాత చాలాకాలం బావ ఆ బల్ల దగ్గరే పనిచేశాడు. వణుకు పెరుగుతూ వచ్చింది. తొక్కినా ఒక్కోసారి మొన నిలిచేది కాదు. ఒకరోజు ట్రే మధ్యలో కత్తెర కింద పెట్టి తనే లేచాడు. ఎవరూ లేపలేదు. అది నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. "అమ్మా, ఇలా వచ్చి కూర్చోండి" అన్నాడు డాక్టరమ్మతో. ఆవిడ కూర్చున్నారు. "నొక్కకండి, గుడ్డు మీకు శత్రువు కాదు. కత్తెరను దాని దారిన పోనివ్వండి. కాలు తొక్కండి."

"నా చెయ్యి వణకదు కదా మాస్టారూ."

"తొక్కి చూడండి. కాలికి పనుంటే చెయ్యి తొందరపడదు."

ఆవిడ తొక్కారు. మొదటి గుడ్డు పోయింది. రెండోది పోయింది. మూడోదానికి మూత ఊడి వచ్చింది. బావ మెడలోంచి టేపు తీసి ఆ కిటికీ అడ్డం కొలిచాడు, ఆయన వేళాకోళం ఆయనది. "కాలరు కొంచెం బిగువు. ఫరవాలేదు."

ఇప్పుడు మేమిద్దరం ఇంటి దగ్గరే ఉంటున్నాం. నేను అప్పుడప్పుడు సంస్థకు వెళ్ళివస్తుంటాను. నేను లేకపోతే అక్కడ పని ఎలా నడుస్తోందో చూడాలి కదా. మొన్న వెళ్ళినప్పుడు గుడ్ల గదిలో నాకు తెలియని మనుషులు ముగ్గురు వంతులవారీగా కోస్తున్నారు. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ ముందు కాలు పెడలు మీద పెట్టి రెండు చుట్లు తిప్పాకే కత్తెర అందుకుంటున్నారు. వాళ్ళలో ఎవరి చెయ్యీ వణకదు. ఎందుకు తొక్కుతున్నారని అడిగాను.

"ఇక్కడ ఇలాగే కోస్తారండీ" అన్నారు.

సాయంత్రం వచ్చి ఈ మాట చెబితే బావ కిటికీ పక్క నుంచి నా వైపు తిరిగాడు.

"కిర్రుమంటోందా?"

"నూనె వేసే వచ్చాను."

"ఊ" అన్నాడు. మళ్ళీ బాబిన్ చుట్టుకోవడంలో పడిపోయాడు.